అరిగిన తుంటికీలు: శస్త్రచికిత్సకై వేచియుండువారు చేయదగిన వ్యాయామము

ఈ పత్రికయందు మేము సాధారణముగా పచ్చిరొట్ట యెఱువులను గూర్చియు, విత్తనశుద్ధిని గూర్చియు, చీడపీడల నివారణను గూర్చియు వ్రాయుచుండుట సభ్యు లెఱిగినదే. ఈ నెల పైరును విడిచి, పైరును పండించు మనుజుని కాలిని గూర్చి వ్రాయుచున్నాము. ఇందులకు కారణములు రెండు. మొదటిది: మేము గ్రామములు తిరుగునపుడు తుంటినొప్పితో కుంటుచు నడచు సభ్యులను పలువురను చూచుచున్నాము. వారిలో కొందఱకు కీలు మార్పిడి శస్త్రచికిత్స అవసరమని వైద్యులు చెప్పియున్నారు. దినము మాత్రము రాలేదు. ఆ దినము వచ్చువఱకు కదలక మెదలక మంచముపై నుండుటయే క్షేమమని వారిలో పెక్కురు తలంచుచున్నారు. రెండవది: మేమును ఆ వరుసలోనివారమే. మా కుడితుంటి అరిగిపోయినది. మేమును శస్త్రచికిత్సకై వేచియున్నాము. మొదటి మూడు నెలలు మేమును ఆ పొరపాటునే చేసితిమి. దానివలన కలిగిన నష్టమును, పిమ్మట నేర్చుకొన్న మార్గమును దాపరికము లేక చెప్పుట మా విధి యని తోచినది.

కీలు ఎట్లుండును, ఎట్లు అరుగును

తొడయెముక పైకొన బంతివలె గుండ్రముగా నుండును. కటియెముకయందు గిన్నెవంటి పల్లము గలదు. ఆ బంతి యీ గిన్నెలో తిరుగుటచేతనే మనము నడచుటయు, వంగుటయు, గట్టెక్కుటయు జరుగుచున్నవి. బంతిమీదను గిన్నెలోపలను నున్నని మృదులాస్థి పొర కప్పియుండును. రెంటి నడుమ జిగటగల ద్రవ మొకటి కందెనవలె నుండును. వయస్సుచేతనో, శరీరపు బరువుచేతనో, పూర్వము తగిలిన దెబ్బచేతనో, పుట్టుకతోనే గిన్నె లోతు చాలకుండుటచేతనో ఆ పొర పలుచబడి, చిట్లి, తుదకు ఎముక యెముకతో నొరయును. అంచులయందు ఎముక ముళ్ళవలె పెరుగును. అప్పుడు కీలు బిగిసికొనిపోవును.

ఈ నొప్పి ముఖ్యముగా గజ్జలో తెలియును. కొందఱకు తొడలోను, పిఱ్ఱలోను నుండును. మఱికొందఱకు మోకాటిలో మాత్రమే తెలియును. అట్టివారు మోకాటికి తైలములు పూసికొనుచు కాలము గడపుదురు గాని, దోషము తుంటిలో నుండును. కాలిగోళ్ళు తీసికొనుట, గొంతుకూర్చుండుట, సైకిలుమీదికి కాలు త్రిప్పుట కష్టమైనచో తుంటిని వైద్యునికి చూపించుట మంచిది.

బండి యిరుసునకును మనుష్యుని కీలునకును గల భేదము

ఒక గ్రామమున పెద్దరైతు ఒకరు మమ్ము నిట్లు ప్రశ్నించిరి: "అయ్యగారూ, అరిగిన యిరుసును త్రిప్పినకొలది మఱింత అరుగును గదా! అరిగిన తుంటితో నడువుమని డాక్టరు లేల చెప్పుచున్నారు?" ఇది మంచి ప్రశ్న. మేమును చాలకాలము ఇట్లే తలంచితిమి. "పెద్దయ్యా, ఇరుసు ఇనుము, కీలు ప్రాణముగలది. భేదమంతయు నందే యున్నది" అని చెప్పితిమి. సంగతి యిది.

మృదులాస్థియందు రక్తనాళములు లేవు. దానికి ఆహారము కీలులోని ద్రవమునుండియే రావలెను. తడిగుడ్డను పిండి విడిచినచో అది మరల నీరు పీల్చుకొనునట్లు, కాలు మోపినప్పుడు ఆ పొర నొక్కబడియు, ఎత్తినప్పుడు విడువబడియు ద్రవమును పీల్చుకొనును. కదలిక లేనిచో ఆ పొరకు ఆహారము తగ్గును. ఇక కీలు చుట్టునున్న కండరముల మాట. పనిలేని కండరము కొలది వారములలోనే సన్నగిల్లును. కండరము సన్నగిల్లినచో కాలు తూలును. తూలినచో నొప్పి హెచ్చును. నొప్పి హెచ్చినచో మనుజుడు మఱింత కదలకుండును. కూర్చుండి తినిన కొండలైనను కరగునని మన పెద్దలు ధనమును గూర్చి చెప్పిరి. అది తొడకండరమునకును చెల్లును.

మా అనుభవము

మేము పదునాలుగేండ్ల ప్రాయమున మిషను పాఠశాలలో చదువుకొనుచుండగా, ఆవరణలోని చింతచెట్టునుండి పడితిమి. తుంటిగిన్నె యెముక చిట్లినది. కాలికి బరువు కట్టి ఆఱు వారములు పరుండబెట్టిరి. ఎముక అతుకుకొనెను గాని, గిన్నెలోపలి నునుపు పూర్వమువలె రాలేదు. పిమ్మట ఇరువదియేండ్లకు పైగా పొలముగట్లమీద తిరుగుట మా వృత్తియయ్యెను. నలువది దాటిన పిమ్మట నొప్పి ఆరంభమయ్యెను. ఎక్స్‌రే తీసిన వైద్యులు కీలు మార్పిడి తప్పదనిరి. మా వంతు వచ్చుటకు కొన్ని నెలలు పట్టుననియు చెప్పిరి.

ఆ మాట విన్నది మొదలు మేము భయపడి, ఉన్న కీలును పొదుపుగా వాడవలెనని యెంచి, మంచము పట్టితిమి. పొలములకు పోవుట మానితిమి. మా యింటివారు అన్నము మంచమువద్దకే తెచ్చి పెట్టుచుండిరి. మూడవ నెల చివర వరినాట్లు జరుగుచుండగా, మేమే ఏర్పాటు చేసిన ప్రదర్శనక్షేత్రమును ఒక్కమాఱు చూచిరావలెనని పోతిమి. నడుమ ఒక చిన్న బోదె వచ్చినది. అంతకు ముందు సంవత్సరము నొప్పితోనే దానిని దాటియుంటిమి. ఆనాడు కుడికాలు మోపగానే మోకాలు లొంగి బురదలో కూలబడితిమి. నాట్లు వేయుచున్న స్త్రీలు ఇద్దఱు చేతులు పట్టి లేవనెత్తిరి. పరిహాసము చేసినవారు లేరు; అదియే మాకు మఱింత బాధ కలిగించెను.

మఱునాడు ఆసుపత్రిలో వ్యాయామచికిత్స నేర్పు ఫిజియోథెరపిస్టు మా తొడల చుట్టుకొలత తీసెను. కుడితొడ ఎడమదానికంటె నాలుగు సెంటీమీటర్లు తక్కువ. "మీ కాలు నొప్పిచేత లొంగలేదండీ, బలము లేక లొంగినది. ఇట్లే శస్త్రచికిత్సకు వచ్చినచో క్రొత్త కీలు వచ్చును గాని, దానిని నడిపించు కండరము ఎక్కడనుండి వచ్చును?" అని ఆమె యడిగెను. దుక్కి చేయని చేలో మేలురకపు విత్తనము చల్లువానిని మేము ఎన్నిమాఱులు మందలించితిమో మాకు జ్ఞప్తికి వచ్చెను.

మా సంఘముననే మఱియొక సభ్యుడు ఎనిమిది నెలలు పరుండియే శస్త్రచికిత్సకు పోయిరి. వైద్యులు తమ పని చక్కగా చేసిరి. నొప్పి పోయినది. కాని లేచి నిలుచుటకు తొడలో సత్తువ లేక, చేతులలో పట్టు లేక, వాకరు విడుచుటకు ఆఱు నెలలు పట్టెను. ఒక పంటకాలము పోయినది. కౌలుచేను చేయి జాఱినది. ఇది మందుల దోషము కాదు, సిద్ధపడని దోషము.

శస్త్రచికిత్స యనగా నేమి, ఏల వేచియుండవలెను

శస్త్రవైద్యులు అరిగిన బంతిని తీసివైచి, తొడయెముక లోపల లోహపు కాడను నిలిపి, దాని కొనకు లోహముతోగాని పింగాణిజాతి పదార్థముతోగాని చేసిన బంతిని అమర్చుదురు. గిన్నెలో క్రొత్త గిన్నెను పొదుగుదురు. ఇంగ్లండునందలి రైటింగ్టన్ ఆసుపత్రిలో జాన్ చార్న్లీ యను వైద్యుడు మొదట వాడిన ఒక ప్లాస్టిక్ గిన్నె త్వరలోనే అరిగిపోయెను. ఆయన నిరుత్సాహపడక, 1962వ సంవత్సరమున గట్టి పాలిథీన్ గిన్నెను వాడి విజయము పొందెను. నేటి పద్ధతికి అదియే మూలము.

ఈ క్రొత్త కీలును శాశ్వతము కాదు. పెక్కు దేశముల లెక్కలు కూర్చి 2019లో ప్రకటించిన పరిశోధన ప్రకారము, నూటికి సుమారు 58 కీళ్ళు 25 సంవత్సరములు నిలుచును. కావుననే వయస్సు తక్కువగలవారి విషయమున వైద్యులు త్వరపడరు. కొందఱు వంతుకొఱకును, కొందఱు ఆరోగ్యపథకపు అనుమతికొఱకును, కొందఱు చక్కెరవ్యాధి అదుపునకు వచ్చుటకొఱకును వేచియుందురు. ఏ కారణమైనను, ఆ నెలలు వేసవి దుక్కివంటివి. తొలకరి వచ్చినపిదప దుక్కికి తీరిక చిక్కదు.

వ్యాయామముచేత ఏమి కలుగును, ఏమి కలుగదు

ఆశలు పెంచి మోసపుచ్చుట మాకు ఇష్టము లేదు. డెన్మార్కు దేశమున ఏబది యేండ్లు పైబడి తుంటికీలు మిక్కిలి అరిగిన 109 మందిని రెండు భాగములుగా విభజించి, ఒక భాగమునకు శస్త్రచికిత్సయు, రెండవ భాగమునకు బలము పెంచు వ్యాయామమును ఏర్పాటుచేసిరి. ఫలితములు 2024లో ప్రకటితమయ్యెను. నొప్పిని, పనిచేయు శక్తిని కొలుచుటకు వాడిన కొలమానము 48 పాళ్ళది. ఆఱు నెలలకు శస్త్రచికిత్స పొందినవారు సగటున 15.9 పాళ్ళు మెరుగైరి. వ్యాయామము చేసినవారు 4.5 పాళ్ళు మెరుగైరి. కావున కీలు పూర్తిగా అరిగినవారికి శస్త్రచికిత్సయే ప్రధానము. వ్యాయామము చాలునని తలంచి వచ్చిన వంతును విడుచుకొనుట తప్పు.

మఱి శస్త్రచికిత్సకు ముందు వ్యాయామ మెందుకు? ఆ దేశముననే తుంటి, మోకాలు కీళ్ళు మార్పించుకొనబోవు 165 మందిలో ఒక భాగమునకు ఎనిమిది వారములు ముందుగా వ్యాయామము నేర్పిరి. 2014లో వెలువడిన ఆ ఫలితముల ప్రకారము, శస్త్రచికిత్స జరిగిన మూడు నెలలకు ఇరుభాగములవారును సమానముగానే యుండిరి. అయితే తొలి దినములలో వ్యాయామము చేసినవారికి నొప్పి తక్కువగాను, నిత్యకృత్యములు సులభముగాను నుండెను. అనగా వారు ముందుగా కోలుకొనిరి. పట్టణమున జీతగానికి ఈ కొలది వారములు లెక్కలోనివి కాకపోవచ్చును. రెక్కలపై బ్రదుకు రైతునకు ఆ వారములే నాట్లు, ఆ వారములే కోతలు.

కఱ్ఱను ఏ చేత పట్టవలెను

ఏతాములు నేడు అరుదైనను, ఏతపు మ్రాను పనిచేయు రీతి పెద్ద లెఱుగుదురు. ఆనికకు దూరమున నున్న చిన్న బరువును తేల్చుటకు, ఆనికకు దగ్గఱ పెద్ద బలము కావలెను. ఒంటికాలిమీద నిలిచినప్పుడు తుంటికీలు ఆనిక. దేహపు బరువు ఆనికకు లోపలివైపున దూరముగా నుండును. దానిని తేల్చి పట్టవలసిన కండరము వెలుపలివైపున దగ్గఱగా నుండును. కావున ఆ కండరము దేహపు బరువునకు మించిన బలముతో లాగవలెను. బరువును, లాగుడును రెండును కీలుమీదనే పడును. ఈ కారణముచేత నడకలో అడుగడుగునకు తుంటిమీద దేహపు బరువునకు సుమారు రెండున్నర రెట్లు పడును. 60 కిలోల మనుజుని తుంటిపై సుమారు 150 కిలోలన్నమాట. కాలు తడబడి తూలినప్పుడు అది యేడెనిమిది రెట్లవఱకు పోయినట్లు, కృత్రిమ కీలులోనే యంత్రము పెట్టి కొలిచినవారు చెప్పియున్నారు.

దీనినుండి మూడు సంగతులు తెలియుచున్నవి. మొదటిది, కఱ్ఱను నొప్పిలేని వైపు చేత పట్టవలెను. కుడితుంటి చెడినవారు ఎడమచేత పట్టవలెను. చాలమంది దీనికి విరుద్ధముగా చేయుదురు. కఱ్ఱయు నొప్పికాలును ఒక్కసారిగా ముందుకు సాగవలెను. నిలిచి చేతిని వ్రేలాడవిడిచినప్పుడు మణికట్టు ఎంత యెత్తున నుండునో, కఱ్ఱ పిడి అంత యెత్తున నుండవలెను. అడుగున రబ్బరు బిళ్ళ తప్పదు. రెండవది, చేత బరువు మోయక తప్పనిచో నొప్పి తుంటి వైపు చేతనే పట్టవలెను. ఎదుటి చేత పట్టినచో తుంటిపై భారము పెరుగును. తలమోపులును, బుజముమీది బస్తాలును మానవలెను. మూడవది, స్థూలకాయులు ఒక్క కిలో తగ్గినను అడుగడుగునకు రెండున్నర కిలోల భారము తుంటికి తగ్గును.

వ్యాయామ విధానము

తుంటినొప్పి లన్నియు ఒకటి కావు. ఎముక విరిగినవారును, కీలులో చీము పట్టినవారును, రక్తప్రసారము తగ్గి బంతియెముక చచ్చుబడుచున్నవారును, గుండెజబ్బు గలవారును తమ వైద్యుని అడుగకుండ దీనిని ప్రారంభింపరాదు. తక్కినవారును ఒకమాఱు ఫిజియోథెరపిస్టు ఎదుట చేసి చూపి, తప్పులు దిద్దించుకొనుట మేలు. కుంగిన నులకమంచముపై చేయరాదు. బల్లమంచమో, గట్టి పఱుపో కావలెను. నేలపై పరుండి లేవలేనివారు నేల జోలికి పోరాదు.

1. పాదము లాడించుట. వెల్లకిల పరుండి పాదములను పైకిని క్రిందికిని ఇరువది మాఱులు ఆడింపవలెను. ఇది రక్తప్రసారమునకు మంచిది. శస్త్రచికిత్స జరిగిన మఱుగడియనుండియు పనికివచ్చును.

2. తొడ బిగించుట. కాలు చాచి, మోకాటి క్రింద చుట్టిన తువాలుంచి, దానిని మోకాటితో నొక్కవలెను. అయిదు లెక్కించువఱకు పట్టి విడువవలెను. పదిమాఱులు. ఊపిరి బిగబట్టరాదు.

3. పిఱ్ఱలు బిగించుట. పరుండియే రెండు పిఱ్ఱలను దగ్గఱకు బిగించి, అయిదు లెక్కించి విడువవలెను. పదిమాఱులు.

4. మడమ జరుపుట. మడమను పఱుపుమీద నుంచియే పిఱ్ఱవైపునకు మెల్లగా లాగి, మరల చాపవలెను. ఎంతవఱకు సుఖముగా వచ్చునో అంతవఱకే. చేతులతో పట్టి గుంజరాదు.

5. నడుము లేపుట. మోకాళ్ళు మడచి, పాదములు ఆనించి, పిఱ్ఱలను పఱుపునుండి కొంచెము పైకెత్తి, మూడు లెక్కించి దింపవలెను. అయిదుతో మొదలుపెట్టి పదివఱకు పోవచ్చును.

6. బోరగిల పరుండుట. ఎల్లప్పుడు కూర్చుండువారికి తుంటి ముందుభాగము కుంచించుకొనిపోయి, నిలిచినప్పుడు నడుము వంగును. దినమునకు అయిదు మొదలు పది నిమిషములు బోరగిల పరుండినచో అది సాగును. సాధ్యము కానివారు వెల్లకిల పరుండి కాలు చక్కగా చాచియుంచిన చాలును.

7. కాలు ప్రక్కకు చాచుట. గోడనో కదలని బల్లనో పట్టుకొని నిలిచి, నొప్పికాలిని మొండెము వంపక ప్రక్కకు చాచి మెల్లగా దింపవలెను. అయిదు మొదలు పదిమాఱులు. వెనుకకును ఇట్లే చాపవలెను. ముందు చెప్పిన ఏతపుమ్రానిలో లాగు కండరము ఇదియే. ఇది బలహీనపడుటచేతనే మనము ప్రక్కకు ఒరగి కుంటుచున్నాము. కావున దీనిని మానరాదు.

8. కుర్చీనుండి లేచుట. మోకాటికంటె కొంచెము ఎత్తైన, చేతులుగల గట్టికుర్చీ కావలెను. మొదట చేతుల ఊతతో లేచి కూర్చుండవలెను. బలము వచ్చినకొలది ఊత తగ్గింపవలెను. కూర్చుండునప్పుడు ధభాలున పడక మెల్లగా దిగవలెను. అయిదుతో ప్రారంభము. తక్కిన అన్నిటికంటె ఇది యెక్కువ ఫలమిచ్చినదని మా అనుభవము.

9. చేతుల బలము. ఆ కుర్చీలోనే కూర్చుండి, రెండు చేతులను కుర్చీచేతులపై ఆనించి దేహమును కొంచెము పైకి లేపవలెను. శస్త్రచికిత్స తరువాత వాకరు పట్టవలసినవి ఈ చేతులే.

10. నడక. చదునైన బాటమీద, కఱ్ఱ సాయముతో, పూటకు అయిదు నిమిషములతో మొదలుపెట్టి వారమునకు కొంచెముగా పెంచవలెను. ఒక్కసారి దూరము పోవుటకంటె దినమునకు మూడుమాఱులు కొలది కొలదిగా నడచుట మేలు. కదలక నిలిచియుండు సైకిలు దొరకినచో గద్దె యెత్తుగా నుంచి త్రొక్కవచ్చును. నీటిలో నడచుట తుంటికి హాయి యని వైద్యులు చెప్పుదురు. అది చదునైన కొలనుల మాట. కాలువలోను చెఱువులోను జాఱు అడుగును, ప్రవాహమును గలవు గనుక అందు దిగరాదు.

ఇవి యన్నియు ఉదయము ఒకమాఱు, సాయంకాలము ఒకమాఱు చేసినచో పూటకు అరగంట పట్టును. మొదటి వారము సగము చేసిన చాలును. ఆరంభశూరత్వము పనికిరాదు.

నొప్పికి కొలత

"నొప్పి యున్నప్పుడు చేయవచ్చునా?" యని అందఱును అడుగుదురు. నొప్పిని పది పాళ్ళుగా నెంచుడు. సున్న యనగా లేదు. పది యనగా ఓర్వరానిది. వ్యాయామము చేయుచుండగా అయిదు పాళ్ళకు లోపల నున్నంతవఱకు చేయవచ్చును. అటుపిమ్మట హెచ్చిన నొప్పి మఱునాటికి మామూలు స్థితికి రావలెను. రానిచో మీరు అధికముగా చేసితిరని అర్థము. అప్పుడు మానివేయరాదు, సగమునకు తగ్గింపవలెను. మాకు రెండవ వారముననే ఇట్లు జరిగినది. ఉత్సాహముచేత ఒక్కనాడే ముప్పది మాఱులు కుర్చీనుండి లేచితిమి. మఱునాడు కాలు క్రింద పెట్టలేకపోతిమి. రెండు దినములు మొదటి మూడు వ్యాయామములు మాత్రము చేసి, తరువాత అయిదుతో మరల ప్రారంభించితిమి.

కాలు ఒక్కసారిగా మోపలేకపోయినను, జ్వరముతో కీలు వేడెక్కినను, పిక్క వాచి నొచ్చినను, కాలు తిమ్మిరెక్కి మూత్రము బిగిసినను, అది వ్యాయామపు నొప్పి కాదు. వెంటనే ఆసుపత్రికి పోవలెను.

పొలములోను ఇంటిలోను

గొంతుకూర్చుండి కలుపు తీయుట, బాసిపట్టు వేసికొని నేలపై భుజించుట, పల్లపు పీటలపై కూర్చుండుట తగ్గింపవలెను. కలుపును పొడవుకామ గల పనిముట్టుతో నిలిచి తీయవచ్చును. జాఱుడు గట్లపై నడువక బాటవెంట పోవుడు. ఒకే పని గంటలతరబడి చేయక, అరగంటకొకసారి మార్చుడు. మెట్లెక్కునప్పుడు మంచికాలు ముందు, దిగునప్పుడు నొప్పికాలు ముందు.

శస్త్రచికిత్సకు ముందే ఇల్లు సిద్ధపఱుపవలెను. కుర్చీవంటి మరుగుదొడ్డి, ఎత్తైన మంచము, చేతులుగల కుర్చీ, రాత్రి దీపము ఉండవలెను. కాళ్ళకు తగులు చాపలను తీసివేయవలెను. నిత్యము వాడు పాత్రలను నడుమెత్తున నుంచవలెను. తరువాత కొన్ని వారములు లోతుగా వంగుట, కాలుమీద కాలు వేయుట కూడదని వైద్యులు నియమము పెట్టుదురు గనుక, ఆ అలవాట్లను ఇప్పటినుండియే మార్చుకొనుట సుఖము.

మఱికొన్ని జాగ్రత్తలు గలవు. చుట్ట, బీడీ, సిగరెట్లు మానవలెను. గాయము మానుటకు పొగాకు శత్రువు. చక్కెరవ్యాధిని అదుపులో నుంచవలెను. పుచ్చిన పండ్లకును, నీటిలో నానిన కాలివ్రేళ్ళ సందుల పుండ్లకును ముందే చికిత్స చేయించుకొనవలెను; లేనిచో అందలి క్రిములు క్రొత్త కీలునకు చేరు ప్రమాదము గలదు. నొప్పిబిళ్ళలను ఎడతెగక మ్రింగినచో మూత్రపిండములకును కడుపునకును హాని. పేరులేని పొట్లపు మందులు అసలే వలదు. వానిలో స్టీరాయిడ్ కలిసియుండిన, మంచి తుంటియు చెడవచ్చును. ఆరోగ్యపథకపు కార్డు ఈ చికిత్సకు వర్తించునో లేదో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను ముందుగా విచారింపుడు.

సంఘమునకు మనవి

వాకరు, కుర్చీదొడ్డి, ఎత్తు సరిచేయు ఊతకఱ్ఱ, ఇవి ఒక్కొక్కరికి కొన్ని నెలలు మాత్రమే అవసరము. ప్రతి సభ్యుడును కొని, తరువాత అటకమీద పెట్టుట దండుగ. మందు చల్లు యంత్రములను సంఘము అద్దెకిచ్చునట్లే, ఈ సామగ్రి రెండు జతలు కొని సభ్యులకు ఎరవిచ్చినచో చాలమందికి మేలు కలుగును. రాబోవు సర్వసభ్య సమావేశమున ఈ విషయమును ప్రతిపాదింపనున్నాము. సభ్యులు బలపఱుతురని నమ్ముచున్నాము.

మేము వ్యాయామము మొదలుపెట్టి పది వారములైనది. కీలు బాగుపడలేదు, నొప్పియు పూర్తిగా పోలేదు. అయినను నేడు చేతుల ఊత లేక పదిమాఱులు కుర్చీనుండి లేచుచున్నాము. కఱ్ఱతో ఇరువది నిమిషములు నడచుచున్నాము. రాత్రులు ఒకింత నిదుర పట్టుచున్నది. మొదట మేము వసారాలో పరుండి నడుము లేపుచుండగా వీధిపిల్లలు నవ్విరి. నవ్విన నాపచేనే పండునని ఊరకుంటిమి. గడచిన వారము ప్రదర్శనక్షేత్రమునకు మరల పోయితిమి. ఆ బోదెవద్ద ఒక కూలిమనిషి చేయి చాచెను. అతని చేయి పట్టుకొని, కఱ్ఱ ఆనించి, మంచికాలు ముందువేసి దాటితిమి.

మా వంతు ఎప్పుడు వచ్చునో ఇంకను తెలియదు. ఎప్పుడు వచ్చినను పిలుపునకు సిద్ధముగా నుండుట మా చేతిలోని పని. తుంటినొప్పితో వేచియున్న సోదరసోదరీమణులు రేపటి ఉదయము మొదటి మూడు వ్యాయామములతో ప్రారంభింతురు గాక. సందేహములున్నచో సంఘ కార్యాలయమున మంగళవారములందు మమ్ము కలిసికొనవచ్చును. అక్కడ ఎత్తైన కుర్చీ ఒకటి వేయించియుంచినాము.